ఎర్ర చుక్క

బెల్లం మండీలో పన్నెండేండ్లు మూటలు మోసిన భుజం నాది,
కిలోన్నర కెమెరా ఒక లెక్కా అనుకున్నా.
తీసింది తెరమీద వేసి చూపించినాడు చెంగల్రాయులన్న:
గిరింపేట వీధంతా భూకంపం.
"బరువుకు అలవాటు పడిపోయినావబ్బా,
తేలికదాన్ని మోసేది నేర్చుకోవాల నువ్వు."

మోచేతులు పక్కటెముకలకు ఆనించమన్నాడు.
సగం ఊపిరి వదిలేసి
మిగిలిన సగాన్ని లోపలే కట్టేయమన్నాడు.
మండీలో ఊపిరి బిగబట్టేది ఎత్తేటప్పుడు,
ఇక్కడ చూసేటప్పుడు.

మూడు నెల్లు నాకు ఒక్క పెండ్లి కూడా ఇవ్వలేదు.
కొట్టుకెదురుగా దొరసామి టీ అంగడి,
అదే నా పలక.
పొయ్యి ముందర దొరసామి మొహం పసుపు,
ట్యూబులైటు కింద అదే మొహం పాచినీళ్ళ రంగు.
"తెలుపంటే ఏందో దీనికి తెలీదు, మనమే చెప్పాల"
అని అన్న తన పంచె కొంగు లెన్సు ముందర పట్టినాడు.
వదిన ఆ పంచెకు నీలిమందు జాస్తి పెట్టిందని
ఇద్దరికీ తోచలేదు.
ఆ పొద్దంతా నా చిత్తూరు
కామెర్లొచ్చి తిరిగింది.

తలపైన నాలుగు వేళ్ళ చోటు.
చూసే దిక్కున జానెడు,
లేకుంటే మనిషి గోడతో మాట్లాడినట్టుంటాడంట.
జూము మీదికి వేలు పోతే వేలిమీదే దెబ్బ:
"కాళ్ళుండాయి గదా, నడిచిపో దగ్గరికి!"

ఐరాల పక్క పల్లెలో భారతం.
అర్జునుడు తపసు మాను ఎక్కే రోజుకు
అన్నకు చలిజ్వరం.
నన్ను ఒక్కణ్ణే పంపించినాడు.

మాను చుట్టూ తడిచీరలతో ఆడోళ్ళు,
బిడ్డల కోసం వరానికి పడుకున్నోళ్ళు,
బోర్లా, చేతులు ముందుకు చాచి.
వేషం కట్టిన గుర్రప్ప మెట్టుకో పద్యం పాడతా ఎక్కినాడు.
నేను బొత్తాం నొక్కినా.
ఊపిరి కట్టినా.
నలభై నిమిషాలు చెయ్యి అదరలేదు.
పైన పూజ మొదలయ్యాక, బ్యాటరీ మిగలాలని
మళ్ళీ నొక్కి, కెమెరా నేలమీద పెట్టినా.
అంతలోనే మీదనుంచి నిమ్మకాయలు.
అందరితోపాటు నేనూ తలెత్తి, చేతులు జోడించి,
ఉత్త కండ్లతో చూసినా.

దుప్పటి కప్పుకుని అన్న తెర ముందర కూర్చున్నాడు.
"అర్జునుడు యాడరా?"

ఎండకు కనపడలేదు ఆ ఎర్ర చుక్క.
అంతకుముందెప్పుడో అదే నడిచిపోతా ఉండింది,
నేను నొక్కితే నిలిచింది,
ఆపినాననుకుంటే మొదలైంది.
మాను లేదు, పద్యం లేదు, గుర్రప్ప కిరీటం లేదు.
నేలబారున ఒక చెయ్యి.
మట్టిలో తడి, రెండు గాజులు.
ఎవురూ విసరనట్టు
పై అంచులోనుంచి ఒక నిమ్మకాయ పడి,
దొర్లి, ఆ వేళ్ళకు కొంచెం ఎడంగా నిలిచింది.
చెయ్యి కదల్లేదు.
చానాసేపటికి చిటికెనవేలు ఒక్కటే
మట్టిని గీరతా గీరతా ముందుకొచ్చింది.

అన్న తిట్టలేదు. మూడుసార్లు వెనక్కి తిప్పి చూసినాడు.
"చెయ్యి అదరలేదే" అన్నాడు.
నేలకు ఎందుకు అదురుతుందన్నా, అన్నా.

ఊరోళ్ళ అడ్వాన్సు ఊరోళ్ళకే పోయింది.
దానికి పదకొండు రోజులు మళ్ళీ మండీకి పోయినా.

ఆషాఢంలో ఒకామె అత్తను వెంటబెట్టుకుని కొట్టుకొచ్చింది.
"ఆ పొద్దు కాయ నా పక్క పడిందా, పక్కామె పక్కనా?
నేను తల ఎత్తలేదు సామీ.
ఆమేమో తనదేనని తీసేసుకునింది."

వేసి చూపించినా.
గాజులు చూసి గుర్తుపట్టింది.
తెరలో కాయ ఉంది, ఆమె చెయ్యి ఉంది.
అత్త చెంగుతో కండ్లొత్తుకుని
"మనదేమే, మనదే" అనింది.

కుడి అంచున, సరిగ్గా అంచున,
ఇంకో చేతి గోరు సన్నంగా మెరస్తా ఉంది.
ఆ గోటికీ కాయకూ ఎంత ఎడమో
అన్నకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆపే బొత్తాం మీదికి
అన్న వేలు నాకంటే ముందు పోయింది.